కబురు తాడు

మా నాన్న రంగు వేసిన గోడల్ని ఊరంతా చూసింది. ఆ గోడల పైన, డాబా మీద, పిట్టగోడ వెనక కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. ఆయన్ని మేము తాడు బాబాయ్ అంటాం. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. నాన్న ఒంటి పలక మీద కూర్చుని నాలుగో అంతస్తు నుంచి రంగు వేసుకుంటూ కిందికి దిగుతుంటే, పైన తాడు వదలడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎన్ని మేడలు చేశావు బాబాయ్ అని అడిగితే వేళ్ళు ముడిచి లెక్క చెప్పేవాడు. ఏ మేడకి ఏ రంగు అంటే తెల్లమొహం వేసేవాడు.

"నేను చూసేది తాడమ్మా. గోడ సంగతి మీ నాన్ననడుగు" అనేవాడు.

పలకకి రెండు తాళ్ళుండేవి. లావుది బరువు మోసేది. దాన్ని డాబా మీద స్తంభానికి మూడు చుట్లు తిప్పి, కొస కాలి కింద తొక్కిపట్టి, మూరెడు మూరెడు చొప్పున వదలాలి. సన్నది కబురు తాడు. దాని ఒక కొస నాన్న దగ్గర, రెండో కొస బాబాయ్ ఎడమ మణికట్టుకి. రోడ్డు రొదలో కిందనుంచి ఎంత అరిచినా పైకి వినపడదు కాబట్టి వాళ్ళు లాగులతో మాట్లాడుకునేవాళ్ళు. ఒక్క లాగు అంటే దించు. రెండంటే ఆపు. మూడంటే ఇంకో రంగు డబ్బా పంపు. ఆ తాడు ఒరుసుకుని ఒరుసుకుని బాబాయ్ మణికట్టు చుట్టూ గాజులాగా ఒక నల్ల చార పడింది.

"మీ నాన్న తుమ్మినా నాకు తెలుస్తుంది" అని గొప్పలు పోయేవాడు.

"ఆ, ఒకసారి మూడు తుమ్ములు తుమ్మితే డబ్బా దించాడు. నెత్తి మీదకొచ్చి ఆగింది" అనేవాడు నాన్న.

బాబాయ్ నోటితో మాట్లాడటం తక్కువ. ఎప్పుడో పెళ్ళిచూపులకి వెళ్ళి, గంటసేపు కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా లేచొచ్చాడట. "ఆ పిల్ల చేతికి తాడు కట్టాల్సింది, అప్పుడు కబుర్లే కబుర్లు" అని నాన్న ఇప్పటికీ ఏడిపిస్తాడు. తర్వాత ఆ ఊసే రాలేదు. మా వీధి చివర ఒక గదిలో ఉంటాడు. సాయంత్రం పని నుంచి నాన్నతోపాటు మా ఇంటికొచ్చి, గుమ్మం పక్క గోడకి ఆనుకుని కూర్చుని, టీ తాగి వెళ్ళేవాడు. నేనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. అందుకేనేమో మా ఇద్దరికీ బాగా పడేది.

నాన్న పడిన రోజు గాలి ఎక్కువగా ఉంది. కబురు తాడు పొద్దుట్నుంచీ ఊగుతూనే ఉందట. మూడో అంతస్తు దగ్గర పలక అంచు సజ్జలోంచి బయటికొచ్చిన ఇనపచువ్వ మీద కూర్చుంది. నాన్న రెండుసార్లు లాగాడు. పైన బాబాయ్‌కి ఆ లాగులు అందాయి. కానీ గాలి అనుకున్నాడు. ఇంకో మూరెడు తాడు వదిలాడు. చువ్వ మీద ఆనిన పలకకి ఆ తాడు వదులై వేలాడింది. మరు క్షణం పలక చువ్వ మీంచి జారి, ఆ మూరెడూ ఒక్కసారిగా పడి, తాడు బిగిసి ఎగిరింది. నడుం బెల్టు అడ్డంగా ఉందని నాన్న అంతకుముందే విప్పి పక్కన తగిలించుకున్నాడు. వెల్లకిలా వెళ్ళి మొదటి అంతస్తు సజ్జ మీద పడ్డాడు.

బాబాయ్ ఈ సంగతి తనే చెప్పాడు. ఆస్పత్రి వరండాలో అమ్మ ఎదురుగా నిలబడి, ఎవరూ అడగకుండానే చెప్పాడు. "రెండు లాగులొచ్చాయి వదినా. గాలనుకున్నాను." అమ్మ తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో.

పెద్ద డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించాడు. వెన్నెముకలో ఒక పూస నలిగి లోపలికి వెళ్ళింది. దాని లోపలి వెన్నుపాము అక్కడ పూర్తిగా దెబ్బతింది. తెలివి, మాట, చేతులు మామూలుగా ఉంటాయి. బొడ్డు కిందనుంచి స్పర్శ ఉండదు, కదలిక ఉండదు, మూత్రం మీద అదుపు ఉండదు.

"ఎన్నాళ్ళకి నడుస్తారు?" అంది అమ్మ.

"ముందు కూర్చోవడం గురించి చూద్దామమ్మా" అన్నాడు డాక్టరు.

ఆయన చెప్పకుండా వదిలేసింది అమ్మకి వినపడలేదు. ముందు కూర్చోవడం, తర్వాత నడవడం అనుకుంది. నాకు వినపడింది. ఎందుకంటే నేను బడిలో విన్న ఆఖరి పాఠం నాడీ వ్యవస్థ.

పదో తరగతి మధ్యలో మానేశాను. అమ్మ బడిపిల్లల బట్టలు కుడుతుంది. అప్పుడు ఆవిడ కళ్ళకి ఆపరేషనై మిషను దగ్గర నేను కూర్చోవాల్సి వచ్చింది. మానేసే ముందు వారమే సైన్సు టీచరు మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్ళి వరసగా నిలబెట్టారు. ఒక కొసన పొడుగాటి అబ్బాయి, వాడు మెదడు. రెండో కొసన నేల మీద కూర్చున్న అమ్మాయి, అది పాదం. మధ్యలో వాళ్ళంతా చేతులు పట్టుకున్న రెండు వరసలు, అవి నాడులు. ఒక వరస పాదం నుంచి మెదడుకి కబురు మోసేది, రెండోది మెదడు నుంచి కండరానికి ఆజ్ఞ మోసేది. రెండు వరసలూ కలిసే చోట నన్ను నిలబెట్టారు. నేను వెన్నుపాము. "నువ్వు మాట్లాడక్కర్లేదులే, అందిన చెయ్యి నొక్కితే చాలు" అన్నారు టీచరు. నాకు నచ్చిన ఒకే ఒక్క ఆట అది.

నాడి అంటే సన్న పోగుల కట్ట. ఒక్కో పోగూ ఒక్కో కణం తోక. ఆ కణం ఎంత చిన్నదో తోక అంత పొడవు. నడుం దగ్గర మొదలైన తోక బొటనవేలి దాకా పోతుంది. కబురు ఆ తోక వెంట చిన్న విద్యుత్తు అలలాగా పరిగెడుతుంది. ఒక కణం చివరా ఇంకో కణం మొదలూ ఒకదానికొకటి తగలవు. మధ్యలో వెంట్రుక కూడా పట్టనంత సందు. అక్కడ ఒక రసం ఊరి, ఆ కబురుని అవతలి గట్టుకి దాటిస్తుంది. ఇవన్నీ టీచరు బోర్డు మీద గీశారు. చేతిలో నాడి తెగితే మెల్లగా పెరుగుతుంది, వెన్నుపాములో పోగు తెగితే మళ్ళీ అతుక్కోదు అని కూడా చెప్పారు. ఆ మాట నోట్సులో రాసుకున్నాను.

ఆ రోజు ఆటలో టీచరు పాదం పిల్లని గిల్లారు. అది పక్కదాని చెయ్యి నొక్కింది, కబురు నాదాకా వచ్చింది. "మెదడు కోసం ఆగకు. నువ్వే జవాబు పంపు" అన్నారు నాతో. నేను అటు తిరిగి ఆజ్ఞల వరసలో చెయ్యి నొక్కాను. పాదం వెనక్కి వెళ్ళింది. ఆ తర్వాతే మెదడుకి కబురందింది.

"టీచర్, నన్నడక్కుండానే తీసేసింది" అన్నాడు పొడుగాటి అబ్బాయి.

"నిన్నడిగేలోపు కాలిపోతుందిరా. నిప్పు మీద చెయ్యి పడితే ముందు చెయ్యి వెనక్కొస్తుంది, తర్వాత అమ్మా అంటావు. వెన్నుపాము సొంతంగా చేసే పని అది. అసంకల్పిత ప్రతీకార చర్య" అన్నారు టీచరు. అందరం ఆ మాట రెండుసార్లు పలికాం.

తర్వాత ఆవిడ నా చేతిని మెదడు వైపు వరస నుంచి విడదీశారు. మళ్ళీ పాదాన్ని గిల్లారు. కబురు నాకొచ్చింది, నేను నొక్కాను, పాదం వెనక్కి వెళ్ళింది. అటు పొడుగాటి అబ్బాయి రోడ్డు మీద పోతున్న సైకిలుని చూస్తూ నిలబడ్డాడు. "ఏమైందిరా?" అంటే "ఇంకా మొదలెట్టలేదుగా టీచర్" అన్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం.

నాన్న ఐదు వారాలు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. పంపేటప్పుడు రెండు మాటలు చెప్పారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, ఆయనకి కింద నొప్పి తెలియదు కాబట్టి ఒకేచోట బరువు పడితే చర్మం చచ్చి పుండవుతుంది. ఇంకొకటి, ఊరి చివర ఒక శిక్షణ వార్డు ఉంది, పన్నెండు మంచాలే, పేరు రాయించండి. అక్కడ చేతుల బలంతో మంచం మీంచి కుర్చీలోకి జరగడం నేర్పుతారు. మూత్రానికి గొట్టం తనంతట తను పెట్టుకోవడం నేర్పుతారు. అద్దంలో తన వీపు తనే చూసుకోవడం నేర్పుతారు. కూర్చుని చేసే పనులకి పెద్ద బల్ల ఒకటుంది, చెక్క సామాన్లకి రంగులు వేస్తారు. ఆ మాటకి నాన్న తల తిప్పి విన్నాడు. నేను పేరు రాయించి వచ్చాను.

బాబాయ్ వేరే పనికి వెళ్ళలేదు. ఎవరు పిలిచినా వెళ్ళలేదు. పొద్దున్నే వచ్చి నాన్న మంచం కాళ్ళవైపు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నాన్నని తిప్పడానికి ఆయన చేతులే మాకు ఆధారం. అన్నం పెడితే రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేవాడు. మణికట్టు మీద చారని బొటనవేలితో రుద్దుకుంటూ ఉండేవాడు.

నాన్న కాళ్ళు తడిగుడ్డల్లా ఉండేవి. ఎత్తి వదిలితే ఎక్కడ వదిలితే అక్కడ. అలా ఇంకో మూడు వారాలు. ఒక రోజు పొద్దున అమ్మ చల్లటి నీళ్ళలో గుడ్డ ముంచి అరికాలు తుడుస్తుంటే కుడికాలు ఒక్కసారి మోకాలి దగ్గర ముడుచుకుని మళ్ళీ చాచుకుంది.

అమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉంది. బాబాయ్ స్టూలు మీంచి లేచాడు.

"అన్నా, నువ్వే కదా? నువ్వే తీశావు కదా?"

నాన్న తల కొంచెం ఎత్తి తన కాలి వైపు చూశాడు. బాబాయ్ మొహం వైపు చూశాడు. "ఆ. తీసినట్టున్నాను రా" అన్నాడు.

అమ్మ ఆ గుడ్డలోనే మొహం దాచుకుని ఏడ్చింది. బాబాయ్ ఆ పూట అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

అప్పట్నుంచి లెక్క మొదలైంది. డాబా మీద పిట్టగోడకి డబ్బాల లెక్క గీసుకునే నీలం సుద్ద బాబాయ్ జేబులో ఎప్పుడూ ఉంటుంది. దాంతో మంచం పక్క గోడ మీద గీతలు గీసేవాడు. కాలు ఒకసారి ఎగిరితే ఒక గీత. మొదటిరోజు నాలుగు. తర్వాత ఏడు, పదకొండు. వట్టి లెక్కే కాదు. ఆయనకి అవి లాగులు. ఒక్కసారి ఎగిరి ఆగితే "దించమంటున్నాడు వదినా" అని మంచం తలవైపు పెట్టిన దిండు తీసేవాడు. రెండుసార్లు ఎగిరితే చేస్తున్న పని ఏదైనా సరే ఆపేసేవాడు. కాలి మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని వినేవాడు, తాడు విన్నట్టే. ఇరవై రెండేళ్ళు నాన్న మాట ఆయనకి కిందనుంచే వచ్చింది. ఇప్పుడూ కిందనుంచే వస్తోందనుకున్నాడు.

పక్కకి తిప్పి పడుకోబెడితే కాలు అంతగా ఎగిరేది కాదు. వెల్లకిలా ఉంటే బాగా ఎగిరేది.

"తిప్పకు వదినా, పక్కకి తిప్పితే కాలు మాట్లాడట్లేదు" అన్నాడు బాబాయ్.

రెండు గంటలు నాలుగయ్యాయి, నాలుగు పూటయింది. తిప్పినా నిమిషాల్లో మళ్ళీ వెల్లకిలా. నేను మిషను దగ్గర కూర్చుని గడియారం చూసేదాన్ని. "టైమైందమ్మా" అని ఒకటి రెండుసార్లు అన్నాను. "కాసేపాగవే, ఇప్పుడే కదులుతోంది" అంది అమ్మ. మూడోసారి అనలేదు.

ఆ వారంలోనే వార్డు నుంచి ఫోనొచ్చింది. శుక్రవారం ఒక మంచం ఖాళీ అవుతుంది. గురువారం సిస్టరు ఇంటికొచ్చి చూస్తుంది. చర్మం ఎక్కడా తెగి ఉండకూడదు, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. ఈసారి తప్పితే మళ్ళీ వంతు వచ్చేసరికి ఏడాది పట్టొచ్చు.

"చక్రాల కుర్చీ ఒకసారి ఇంట్లోకొస్తే మనిషి ఇంక లేవడు" అంది అమ్మ.

"కాలు ఇంత కదులుతుంటే కుర్చీ దేనికి వదినా? సిస్టరు వస్తే కాలు చూపిద్దాం. నడిపించే చోటేదైనా ఉంటే చెప్పమందాం" అన్నాడు బాబాయ్. అప్పటికి గోడ మీద ఆ రోజు గీతలు పంతొమ్మిది.

బుధవారం మధ్యాహ్నం అమ్మ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. బాబాయ్ టీకి వెళ్ళాడు. నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు చదివావు కదా. కాలు కదిలితే నాకు తెలియాలా, వద్దా?"

"తెలియాలి నాన్నా."

"నాకు మీ బాబాయ్ గీత గీస్తేనే తెలుస్తోందమ్మా. సుద్ద చప్పుడు వినపడితే, ఓహో కదిలింది కాబోలు అనుకుంటున్నాను."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెయింటు మరకలు గోళ్ళ చుట్టూ ఇంకా ఉన్నాయి.

"మరి చెప్పొచ్చు కదా నాన్నా?"

"ఎలా చెప్పమంటావు? వాడు కడుపునిండా తింటున్నది ఈ పది రోజుల్నుంచే." కాసేపు పైకప్పు చూశాడు. "ఆ వార్డులో రంగులేసే బల్ల ఉందన్నారు కదా. ఎంత ఎత్తుంటుందో ఆ బల్ల."

నాన్న దేన్నయినా తనకి కావాలని అడగడం నేను ఎప్పుడూ వినలేదు. అది అడగడమే.

బాబాయ్ టీ తాగి వచ్చి గుమ్మం మెట్టు మీద చెప్పులు విప్పుతున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఏం చెప్పాలో లోపలంతా సిద్ధంగా ఉంది. పొడుగాటి అబ్బాయి, విడదీసిన చెయ్యి, వరండా, అన్నీ. నోట్సు కూడా చేతిలో ఉంది. తీరా నోరు తెరిస్తే ఒక్క మాటే వచ్చింది.

"బాబాయ్, అది గాలేమో."

ఆయన రెండో చెప్పు చేతిలోనే పట్టుకుని తలెత్తాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆ మాట ఒకసారి అనుకున్నాను తల్లీ. మళ్ళీ అనుకోలేను."

లోపలికి వెళ్ళిపోయాడు. నోట్సు మళ్ళీ మిషను సొరుగులో పెట్టేశాను. ఇంకో మాట అని ఉండొచ్చు. కనీసం నాన్నని ఆ పూటైనా తిప్పండి అని గట్టిగా అని ఉండొచ్చు. అనలేదు. ఆ సాయంత్రం కాలు ఎగురుతూనే ఉంది. ముట్టుకోకపోయినా ఎగురుతోంది. బాబాయ్ సుద్ద అరిగిపోయి కొత్తది తీశాడు. గీతలు నలభై ఒకటి.

గురువారం పది గంటలకి సిస్టరు వచ్చింది. నడివయసు మనిషి, భుజాన సంచి. కాన్వాసు బూట్లు గుమ్మం దగ్గరే విప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. గోడ వైపు చూసింది.

"ఏంటివి?"

బాబాయ్ చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. మొదటి రోజు నాలుగు, నిన్న నలభై ఒకటి, ఒక్క లాగుకి ఏమిటి, రెండిటికి ఏమిటి, అంతా చెప్పాడు. సిస్టరు మధ్యలో అడ్డురాలేదు. అయ్యాక నాన్న కాళ్ళ దగ్గరికి వెళ్ళి కుడి పాదం ముందుభాగాన్ని అరచేత్తో పైకి ఒక్కసారి వత్తి అలాగే పట్టుకుంది. పాదం కొట్టుకోవడం మొదలుపెట్టింది. టకటకా, ఒకే వేగంతో.

బాబాయ్ పెదవులు కదిలాయి. మూడు, నాలుగు, ఐదు. పది. పదిహేను. ఇరవై దాటాక పెదవులు ఆగిపోయాయి. పాదం ఆగలేదు. సిస్టరు చెయ్యి వదిలాక ఆగింది.

"నేను పట్టుకున్నంతసేపూ కొడుతుంది బాబూ. నూరైనా కొడుతుంది. ఇది ఆయన కొట్టేది కాదు" అంది. నాన్న వైపు తిరిగి, "మీకు తెలిసిందా?" అంది.

ఇన్నాళ్ళలో నాన్నని ఆ మాట అడిగింది ఆవిడే. మేమంతా నువ్వే కదా అని అడిగాం.

నాన్న బాబాయ్ వైపు చూడకుండా చెప్పాడు. "లేదమ్మా. ఎప్పుడూ తెలియలేదు."

అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"దెబ్బ తగిలిన కొత్తలో కిందిభాగం మూగబోతుంది. కొన్ని వారాలకి వెన్నుపాము కింది ముక్క మేలుకుంటుంది. పైనుంచి ఆజ్ఞ రాదు, అదుపు చేసేవాళ్ళూ లేరు. చీమ పాకినా పెద్ద కేక పెట్టినట్టు కాలు విసురుతుంది" అంది సిస్టరు. తర్వాత మళ్ళీ గోడ చూసింది. "రెండు మూడు రోజుల్లోనే ఇంత పెరిగాయా?"

"అవును మేడమ్" అన్నాడు బాబాయ్. గొంతులో ఇంకా కొంచెం ఆశ ఉంది.

"ఒకసారి పక్కకి తిప్పండి."

బాబాయే తిప్పాడు. భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి, అలవాటైన పద్ధతిలో. సిస్టరు పంచె తొలగించింది. నేను మిషను వైపు తిరిగాను, కానీ అమ్మ మొహం కనిపించింది. ఆ మొహం చూశాక నేనూ తిరిగి చూశాను. ముడ్డిపూస మీద అరచేయంత మేర చర్మం నల్లబడి ఉంది. నడుమ రూపాయి బిళ్ళంత చోట తెరుచుకుంది. దుప్పటికి తడి అంటింది.

"మొన్న ఎర్రగా ఉంటే పౌడరు వేశాను" అంది అమ్మ.

"కాలు చెబుతున్నది ఇదే" అంది సిస్టరు. "కింద ఏదైనా బాధ ఉంటే, పుండో, మూత్రం నిండటమో, గోరు గుచ్చుకోవడమో, కాలు ఎక్కువ ఎగురుతుంది. ఆయనకి నొప్పి అందదు. వెన్నుపాముకి అందుతుంది. దానికి తెలిసిన భాష అదొక్కటే."

బాబాయ్ నాన్న భుజం వదల్లేదు. అలాగే పట్టుకుని అడిగాడు.

"అయితే కబురే కదా మేడమ్?"

"కబురే."

"నేను మళ్ళీ..." అని ఆగిపోయాడు.

సిస్టరు పుండు కడిగి, గుడ్డ వేసి, ఎలా కట్టాలో అమ్మకి చూపించింది. ఈ పుండుతో వార్డులో చేర్చుకోరు. మానడానికి రెండు నెలలు, ఎముక దాకా వెళితే ఇంకా ఎక్కువ. రేపటి మంచం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. పేరు కిందనుంచి మళ్ళీ మొదలు. ఇవన్నీ మెల్లగానే చెప్పింది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ నన్ను చూసి, "గంటలు చూసేది ఎవరమ్మా ఇంట్లో?" అంది.

"నేనే" అన్నాను.

ఆవిడ సంచి సర్దుకుని మెట్టు దిగింది. నేను చూశానన్నది నిజం. గడియారం చూశాను, నాన్నని చూశాను, సుద్దగీతలు చూశాను. వరండాలో టీచరు నాకిచ్చిన పని ఒక్కటే, అందిన కబురుని పక్క చేతికి పంపడం. అప్పుడు ఆటలో చేశాను.

సిస్టరు వెళ్ళాక అమ్మ వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నీళ్ళ చప్పుడు వినిపించింది, చాలాసేపు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. బాబాయ్ బకెట్లో గుడ్డ ముంచి గోడ మీది గీతలు తుడవడం మొదలుపెట్టాడు. నీలం సుద్ద గోడలోకి ఇంకిపోయింది. తుడిచిన కొద్దీ పెద్ద మరకైంది. పిండుతున్నాడు, ముంచుతున్నాడు, తుడుస్తున్నాడు. సున్నం లేచి వస్తున్నా ఆపలేదు. నీళ్ళు మోచేతి మీంచి కారి చొక్కా తడిసిపోయింది.

"రెండుసార్లు" అంటున్నాడు. గోడతో అంటున్నట్టుంది. "అప్పుడు నిజంగా లాగితే గాలన్నాను. ఇప్పుడు వీపు కుళ్ళుతోందని చెబితే, నడుస్తానంటున్నాడని..."

"ఒరేయ్" అన్నాడు నాన్న.

బాబాయ్ వినలేదు. గుడ్డ అదిమి రుద్దుతున్నాడు. గోరు విరిగి గోడ మీద సన్నగా ఎర్ర గీత పడింది. ఆయన చూసుకోలేదు.

నాన్న గోడవైపే తిరిగి ఉన్నాడు కాబట్టి బాబాయ్ తడి చొక్కా అంచు ఆయన చేతికి అందే దూరంలోనే ఉంది. చెయ్యి చాచి దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని లాగాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

బాబాయ్ చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. గుడ్డలోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా నేల మీద పడ్డాయి. ఆయన కదల్లేదు. మూడో లాగు వస్తుందేమోనని చూస్తున్నట్టు నిలబడ్డాడు. రాలేదు. అప్పుడు గుడ్డ బకెట్లో వేసి నేల మీద కూలబడి, మంచం కోడుకి తల ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. నాన్న చొక్కా వదల్లేదు.

దుప్పటి కింద కాలు ఒకసారి ఎగిరింది. ముగ్గురం విన్నాం. బాబాయ్ మొహం తుడుచుకుని లేచాడు. జేబు వైపు చెయ్యి వెళ్ళలేదు. నాన్న నడుం కిందికి, మోకాళ్ళ కిందికి, మడమల కిందికి వరసగా చెయ్యి పోనిచ్చి తడిమాడు. మడమ కింద దుప్పటి ముడతపడి ఉంది. దాన్ని సాపు చేశాడు.

"టైమెంతమ్మా?" అన్నాడు నాతో.

పదకొండూ ఇరవై. నేను గట్టిగా, వంటగదిలో అమ్మకి కూడా వినపడేలా చెప్పాను. పక్కకి తిప్పి గంటయింది, పన్నెండూ ఇరవైకి మళ్ళీ తిప్పాలి, రెండూ ఇరవైకి మళ్ళీ. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. నాన్న గోడ మీది నీలం మరకని చూస్తూ పడుకున్నాడు.